పంతొమ్మిది పోగులు

మార్చి చివర్లో, హార్బరు లోపలి గట్టున
పామంజి ఏకాంబరం జేబులోంచి దూది తీశాడు,
జలుబు చేస్తే చెవిలో పెట్టుకునేంత ముక్క.
పడవ వెనక తీగకి చుట్టి
చెయ్యెత్తినంత మేర నుంచి నెమ్మదిగా కిందికి లాగాడు.
జారింది, జారింది,
నా భుజం ఎత్తున ఆగింది.
తెల్లటి పీచొకటి తీగని పట్టుకుని గాలికి ఊగింది.

"చూస్తివా అక్కా" అన్నాడు.
ఇంకేం అనలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీశాను.
ఊపిరి బిగపట్టండి. ఇంక వదలండి.
ఆ రెండు మాటలే నా ఉద్యోగం.
ఎముకలో వెంట్రుకవాసి పగులు ఎలా ఉంటుందో తెలుసు,
కనిపించనిది ఎక్కడ దాక్కుంటుందో కూడా:
మడత దగ్గర, అతుకు దగ్గర,
ఒకటి ఇంకొకదాన్ని పట్టుకునే చోట.

ఈ తీగకి ఫిల్ము లేదు.
కొసన స్టీలు తొడుగు, దాని లోపల ఏనాటివో ఉప్పునీళ్ళు,
తొడుగు అంచున బెల్లప్పాకం రంగులో ఒక్క తుప్పు బొట్టు.
పంతొమ్మిది పోగుల్లో ఒకటి తెగింది.
తక్కిన పద్దెనిమిదీ
ఏమీ ఎరగనట్టు మెరుస్తున్నాయి.

తూనీగకి ముప్పై ఎనిమిదేళ్ళు.
నేనూ కనకవల్లీ చెరి సగం వేసుకుని కొన్నాం,
అప్పటికే అది మూడో చేతిది.
ఏకాంబరం లెక్క బీడీకట్ట కాగితం వెనక రాశాడు:
ఎనిమిది తీగలు, పదహారు కొసలు, క్రేను, కూలీ,
రెండు లక్షల ముప్పై వేలు.
పడవ మొత్తం అమ్మినా అంత రాదు.
"గుర్రం చవక, జీను ఖరీదు" అంది కనకవల్లి ఫోనులో.
తర్వాత, "ఇన్నేళ్ళూ నిలబడిందిగా" అంది.
ఆ మాట నాకు రోగులు చెప్పేవారు,
చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

మహాబలిపురం దారిలో హోటలు కడుతున్నాయన
రెండుసార్లు మనిషిని పంపాడు.
తూనీగని పచ్చిక మీద నిలబెడతాడట,
తీగలకి రంగు బల్బులు చుడతాడట.
ఆ బరువుకి ఏ తీగయినా ఆగుతుంది.

తెగిందొక్కటే మార్చరాదా అని అడిగాను.
కాసిమేడులో వాళ్ళ నాయన
చేపల పడవలకి తాళ్ళు బిగించేవాడట.
ఏకాంబరం దూది పీచుని వేలితో తాకి చెప్పాడు:
"అన్నీ ఒకే రోజు కట్టినవి, ఒకే ఎండ తిన్నవి.
ఇది చెప్పింది. అవి చెప్పలేదు, అంతే."

డిసెంబరులో ఎన్నూరు దాకా వెళ్ళాం.
ఈశాన్యపు గాలి, దూరంగా
పొగగొట్టాల పొగ అడ్డంగా పడుకుని ఉంది.
కనకవల్లి మనవడు, పదకొండేళ్ళవాడు,
ఈ తీగకే వీపు ఆనించి మురుకులు తిన్నాడు.
తీగ సన్నగా మోగుతుంటే
"అవ్వా, తంబూరా" అన్నాడు.
మేమిద్దరం నవ్వాం, నేనైతే చప్పట్లు కూడా కొట్టాను.
అప్పుడెన్ని పోగులున్నాయో.

రాత్రి మళ్ళీ ఫోన్ చేశాను.
లెక్కలు చెప్పలేదు, దూది సంగతి కూడా.
"ఎండాకాలం సెలవులకి పిల్లాణ్ణి తీసుకొస్తావా?"
అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు,
ఎవరో గిన్నె బోర్లించిన చప్పుడు.
"నా సగం మే నెలలో ఇస్తాను" అంది కనకవల్లి.
"బల్బులాయనకి నువ్వే చెప్పు."

క్రేను వచ్చిన రోజున కొయ్య దిగుతుంటే
చూడలేక టీ తాగడానికి వెళ్ళాను.
తిరిగొచ్చేసరికి పాత తీగలు గట్టు మీద చుట్టలు చుట్టి ఉన్నాయి,
ఏకాంబరం అప్పుడే బేరం పెట్టాడు:
"ఇవి నాకిచ్చెయ్యి అక్కా,
మా వీధి వీధంతా బట్టలారేస్తారు."
ఇచ్చాను.
మూడు గజాలు మాత్రం నాకు కోయించుకున్నాను,
వెనక తీగలోంచి.

ఇప్పుడది మా మేడ మీద ఉంది,
నీళ్ళ ట్యాంకు నుంచి పిట్టగోడ దాకా.
తడి చీర పరుస్తుంటే ఒకచోట దారం లాగుతుంది.
ఆ చోటు నాకు తెలుసు.
అక్కడ తువ్వాలు వేస్తాను.